నాలుగు చుట్లు తక్కువ

పుంగనూరు చుట్టుపక్కల బోరు మోటరు కాలిందంటే నేరుగా చెంగల్రాయుడి అంగడికే తెస్తారు. ముప్పై మూడేళ్ళుగా అంతే. అంగడి బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయి పదేళ్ళయింది. మళ్ళీ రాయించమని ఎవరైనా అంటే, “నేనెవరో తెలీనోడికి నాతో పనేముండాది” అనేవాడు. గర్వమా అంటే గర్వమే. యాభై ఆరేళ్ళ మనిషి, చదివింది ఎనిమిదో తరగతి, ఎన్ని వేల మోటర్లకు ప్రాణం పోశాడో ఆయనకే గుర్తు లేదు. ఆ మాత్రం గర్వం ఉంటే తప్పు లేదు. తప్పు వేరే చోట ఉంది. అక్కడికే వస్తున్నాను.

ఆయనకు కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊగుతుంది. నిలబడితే కుడి చెయ్యి నడుము దగ్గర గాలిలో గుండ్రంగా తిరుగుతుంది, మోటరు లోపలి రాగితీగ కాయిలు చుట్టే చేతిమిషను పిడి ఇంకా చేతిలోనే ఉన్నట్టు. పెళ్ళిపందిట్లో కూడా ఆ చెయ్యి ఆగదు. పెదాలు లెక్కపెడుతూనే ఉంటాయి. మెట్లెక్కితే మెట్లు, బస్సెక్కితే కరెంటు స్తంభాలు. “ఈయన్ని చేసుకున్న కాడ్నించి నేను కదలని బెంచీ మీద కూసోనే లేదు” అంటుంది భార్య పద్మావతి.

మొన్న ఎండాకాలం నిమ్మనపల్లె నుంచి నరేంద్ర అనే రైతు సోలారు మోటరు తెచ్చాడు. మోటరు పక్కన బిగించే కంట్రోలర్ పెట్టె మీద ఎర్రగా ఒక అక్షరం, ఒక అంకె వెలుగుతున్నాయట, నీళ్ళు రావడం లేదట. “పెట్టె సంగతి వదిలెయ్‌ప్పా, నేను మోటరు సూస్తా కదా” అని చెంగల్రాయుడు విప్పాడు. లోపల కాయిలు నిగనిగలాడుతోంది. కాలిన వాసన లేదు. లోపం ఇందులో లేదని ఆయన ముక్కు చెప్పింది, చెయ్యి చెప్పింది. మరి తిరగదెందుకు అంటే మాత్రం జవాబు లేదు. జవాబు దొరకనప్పుడు మనిషి తనకొచ్చిన పనే చేస్తాడు కదా! బంగారం లాంటి కాయిలు కోసి పారేసి, కొత్తది చుట్టి ఇచ్చాడు. నరేంద్ర తీసుకుపోయి దించితే పెట్టె మీద మళ్ళీ అదే అక్షరం, అదే అంకె. చివరికి మదనపల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చి, పెట్టెలో ఊడిన వైరు బిగించి, పది నిమిషాల్లో నీళ్ళు పోయించి వెళ్ళిపోయాడు.

నరేంద్ర గొడవ చేసే మనిషి కాదు. “పోనీలేన్నా, కొత్త సరుకు కదా” అన్నాడు. ఆ పోనీలే చెంగల్రాయుడికి పది రోజులు అన్నం సహించనివ్వలేదు. అంగడి తెరిచేవాడు, వీధి చివరిదాకా నడిచేవాడు, తిరిగొచ్చేవాడు, మళ్ళీ నడిచేవాడు. ఒకప్పుడు రోజుకు నాలుగు మోటర్లు వచ్చేవి. ఇప్పుడు వచ్చే వాటిలో సగానికి అలాంటి పెట్టెలే. ఇంకో రెండేళ్ళు ఇలాగే సాగితే అంగడి మూసుకోవాల్సిందేనని ఆయనకు తెలిసిపోయింది.

కుప్పంలో సోలారు మోటర్ల శిక్షణ ఉందని కనుక్కొచ్చింది పద్మావతే. ఆరు రోజులు, తిండీ పడకా వాళ్ళదే.

“యాభై ఆరేండ్లకి పలక పట్టుకోని బడికి పొమ్మంటావా?”

“బళ్ళో కూసోడానికి సిగ్గా మీకు? బాగుండే కాయిల్ని కోసి పారేసినారే, దానికి లేదా సిగ్గు?”

పద్మావతి మాట అంతే, టెస్టరు పెట్టినట్టు సరిగ్గా కరెంటు ఉన్నచోటే తగులుతుంది. ఆయన సంచి సర్దుకున్నాడు. రెండు జతల బట్టలు, టవలు, కళ్ళద్దాలు, అడుగున నీలి అట్ట నోటుపుస్తకం.

ఆ నోటుపుస్తకం గురించి చెప్పకపోతే ఈ కథ లేదు. ప్రతి రకం మోటరుకూ కాయిలుకు ఇన్ని చుట్లని ఒక లెక్క ఉంటుంది. చుట్లు తగ్గితే మోటరు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, నాలుగు రోజుల్లో కాలిపోతుంది. సరే, పాత కాయిలు చూసి లెక్కపెట్టుకోవచ్చు కదా అంటే, కాలిన కాయిలు నల్లటి ముద్దయిపోతుంది, అందులో ఏం కనపడదు. అందుకే చుట్టేవాడికి లెక్కల పుస్తకమే ఆస్తి. చెంగల్రాయుడు మదనపల్లెలో ఓబులేసు అనే మేస్త్రి దగ్గర నాలుగేళ్ళు పని చేశాడు. ఓబులేసు మిషను తిప్పేటప్పుడు శిష్యులకు వీపు పెట్టి తిరిగి కూర్చునేవాడు. అరకొరగా కాలిన మోటర్లను ఊడదీసే పని మాత్రం శిష్యులది. కోసిన తీగ ముక్కల్ని జేబులో వేసుకొని, సినిమా హాలు గోడ పక్కన కూర్చొని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెంగల్రాయుడు విద్య నేర్చుకున్నాడు. దొంగతనంగా నేర్చుకున్న విద్యే. తన అంగడి పెట్టిన రోజున మాత్రం ఒట్టు పెట్టుకున్నాడు, నేను ఎవరికీ వీపు చూపించను అని.

ఆ ఒట్టు రెండేళ్ళు నిలిచింది. మొదటి శిష్యుడు ప్రతాప్ పని మొత్తం నేర్చుకుని, ఎదురుగానే అంగడి తెరిచి, సగం మందిని లాక్కుపోయాడు. ఆ కడుపుమంటతో చెంగల్రాయుడు కొత్త నోటుపుస్తకం కొన్నాడు. లెక్కలన్నీ మళ్ళీ రాశాడు, ప్రతిదాంట్లో నాలుగు తగ్గించి. నలభై ఆరు ఉంటే నలభై రెండు. తాను చుట్టేటప్పుడు మనసులో నాలుగు కలుపుకుంటాడు. అప్పట్నుంచి ఆయన కూడా వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. శిష్యులు కాయిళ్ళు అమర్చాలి, టేపు కట్టాలి, వార్నిష్ పొయ్యాలి. మిషను మాత్రం ముట్టకూడదు.

పదమూడేళ్ళ కిందట రామసముద్రం దిక్కు పల్లె నుంచి నవనీత అనే అమ్మాయి పనికొచ్చింది. ఇంటర్ తప్పి ఏళ్ళయింది, ఇంక ఇంట్లో కూర్చోలేనంది. కాయిలు అమర్చడంలో ఆ వేళ్ళంత చురుకైన వేళ్ళు చెంగల్రాయుడు మళ్ళీ చూడలేదు. రెండేళ్ళు పనిచేసింది. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి ఇంటికి బయల్దేరి, కళ్ళద్దాలు మరిచిపోయి వెనక్కి వచ్చాడు. నవనీత సొరుగులోంచి నోటుపుస్తకం తీసి గబగబా ఎక్కించుకుంటోంది. ఆయన వాకిట్లో నిలబడి చూశాడు. వద్దనలేదు, కసరలేదు, నిజమూ చెప్పలేదు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి ఆ అమ్మాయి రామసముద్రంలో అంగడి పెట్టింది. నాలుగు నెలలకు మూసేసింది. చుట్టిన మోటరల్లా కాలింది. ఎవరో వచ్చి అడిగితే చెంగల్రాయుడు ఒక మాట కూడా అన్నాడు, “ఆడబిడ్డ కదప్పా, లెక్క తప్పింటుంది” అని. ఆ తర్వాత ఆమె ఏమైందో ఆయన అడగలేదు. అడగడానికి నోరెలా వస్తుంది?

కుప్పం శిక్షణ కేంద్రంలో ఇరవై రెండు మంది ఉన్నారు, అందరూ ఆయన కొడుకు వయసువాళ్ళు. ఆయన వెనక బెంచీలో తలుపు పక్కన కూర్చున్నాడు. పాఠం చెప్పే మేడం లోపలికి వచ్చి, హాజరు పుస్తకం తెరిచి, ఒక పేరు దగ్గర ఆగిపోయింది.

“మేస్త్రీ! మీరేనా?”

నవనీత. నలభై దగ్గర పడిన మనిషి, కళ్ళజోడు, కోటు జేబులో రెండు పెన్నులు. మొహం విప్పారిపోయింది. గబగబా బెంచీల మధ్యనుంచి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, పిల్లల వైపు తిరిగి, “నా చేతిలో మొదట తీగ పెట్టింది ఈయనే. ఈయన ముందర నేను పాఠం చెప్పాలంటే నాకు వణుకొస్తాండాది” అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బెంచీ కింద చెంగల్రాయుడి కాలు ఊగడం మొదలైంది. ఆమెకు తెలీదు. పదకొండేళ్ళయినా ఏమీ తెలీదు.

ఆమె పాఠం చెప్పే తీరు ఆయన ఎన్నడూ చూడలేదు. దాపరికం లేదు. కంట్రోలర్ పెట్టె విప్పి బల్ల మీద పరిచేసింది. ఏ అక్షరం వెలిగితే ఏ జబ్బో బోర్డు మీద వరసగా రాసింది. “ఫోటోలు తీసుకోండి. మర్చిపోతే ఫోను చెయ్యండి” అంది. నరేంద్ర పెట్టె మీద వెలిగిన అక్షరం కూడా అందులో ఉంది, వైరు వదులైందని దాని అర్థం. అంతే. ఆ ఒక్క ముక్క తెలీక కాయిలు కోసి పారేశాడు. సిగ్గు ఒక పక్క, ఇన్నేళ్ళ తర్వాత కొత్త సంగతి తలకెక్కిన సంబరం ఇంకో పక్క. రెండో రోజు సాయంత్రానికి ఆయన వెనక బెంచీ నుంచి మూడో బెంచీకి వచ్చాడు. చిన్నపిల్లాడిలా చెయ్యెత్తి ప్రశ్న కూడా అడిగాడు.

మూడో రోజు కాయిలు చుట్టే పని. నవనీత మిషను తిప్పింది, అందరి వైపూ మొహం పెట్టి, పైకి లెక్కపెడుతూ. చుట్టడం అయిపోయాక వెదురుపుల్లతో తీగలు ఒక్కొక్కటే ఎడంచేసి మొదట్నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ ఇంకోసారి లెక్కపెట్టింది. అప్పుడు గాని టేపు కట్టలేదు. అరుణ్ కుమార్ అని కలికిరి కుర్రాడు, నోరు ఊరుకోదు.

“మేడం, మూడుసార్లు యాల?”

“నా లెక్క మీద నాకు నమ్మకం లేదబ్బాయ్” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. “నేను ఫస్టు అంగడి పెట్టినప్పుడు మా మేనమామ నన్ను నమ్మి మోటరు ఇచ్చినాడు. టమాటా పూత మీద ఉన్నింది. రెండుసార్లు సుట్టినా, రెండుసార్లూ కాలిపాయ. పూతంతా రాలిపాయ. ఆయప్ప నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండు. లెక్క మంచిదే, మా మేస్త్రి లెక్క. నేనే యాడో తప్పినా. ఆ లెక్కల కాయితాలు అంగడి మూసిన పొద్దే కాల్చేసినా. యాడ తప్పినానో తెల్సుకోవాలనే ఇరవై తొమ్మిదేండ్లకి ఐటీఐలో చేరినా, నా పక్కన పదిహేడేండ్ల పిల్లోళ్ళు. డిప్లొమా కూడా చేసినా. ఇన్ని సదివినా యాడ తప్పినానో మాత్రం ఇంతవరకూ దొరకలా.”

చెంగల్రాయుడు లేచాడు. “బాత్రూమమ్మా” అని బయటకొచ్చాడు. బాత్రూమూ లేదు, ఏమీ లేదు. సంచి తీసుకొని బస్టాండుకు నడిచి, పలమనేరు బస్సెక్కాడు.

కిటికీ పక్కన కూర్చొని స్తంభాలు లెక్కపెట్టాలనుకున్నాడు. ఇరవై దాటగానే లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తప్పింది. వి.కోట వచ్చింది, పోయింది. ఇంటికి పోతే పద్మావతి ఏమంటుంది? కడుపులో బాగలేదని చెప్పొచ్చు. నవనీతకు తెలీనే తెలీదు కదా, మేస్త్రి మంచివాడనే అనుకుంటోంది కదా, అలాగే అనుకోనీ. ఎవరికి నష్టం? ఇలా తనకు తానే నచ్చజెప్పుకుంటున్నాడు, ప్రతిసారీ ఆ వెదురుపుల్ల కళ్ళముందు తీగల మధ్య నడుస్తోంది. తీగ ముక్కలు జేబులో వేసుకొని సినిమా హాలు గోడ పక్కన కూర్చున్న తన పదిహేడేళ్ళ మొహం కూడా. ఓబులేసు వీపే పెట్టాడు, అంతవరకే. తప్పు లెక్క ఇవ్వలేదు. తన మేస్త్రి కంటే తాను అధముడినని పలమనేరు బస్టాండులో దిగేసరికి తేలిపోయింది.

పుంగనూరు బస్సు ఎదురుగా ఉంది, ఎక్కమని కండక్టరు కేకేస్తున్నాడు. ఆయన మెట్టు మీద కాలు పెట్టాడు, తీశాడు. టీ చెప్పి తాగకుండా వదిలేశాడు. బస్టాండు ఈ కొస నుంచి ఆ కొసకు పదిసార్లు నడిచాడు. కుప్పం బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు.

మరుసటి రోజు ఉదయం పాఠానికి అరగంట ముందే పోయాడు. నవనీత పనిగదిలో ఒక్కతే తీగలు సర్దుతోంది. ఆయన నోటుపుస్తకం బల్ల మీద పెట్టాడు.

“ఓయబ్బా, ఇది ఇంకా ఉండాదా!” అని ఆమె ముచ్చటగా తెరిచింది.

“దాంట్లో లెక్కలన్నీ తప్పు నవనీతమ్మా. ప్రతిదాంట్లో నాలుగు తక్కువ రాసినా. కావాలనే రాసినా.”

ఆమెకు వెంటనే అందలేదు. పేజీలు తిప్పింది. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. ఆ వేలు అక్కడే ఉంది.

“మా మామ మోటరు. నలభై రెండు అని ఉండాది.”

“నలభై ఆరు.”

“నేను రాసుకునేది మీకు తెలుసా?”

“సూసినా. వాకిట్లో నిలబడి సూసినా.”

“సూసి?”

“గమ్మున పోయినా.”

నవనీత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ మాట్లాడినప్పుడు మీరు పోయి నువ్వు వచ్చింది.

“గ్యాసు ఆపినానా లేదా అని మూడుసార్లు లేసి సూస్తాను. నా బిడ్డికి జరమొస్తే మందు మూడుసార్లు కొలస్తాను. తాళం ఏసి మూడుసార్లు లాగుతాను. మా ఇంటాయన నవ్వుతాడు. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుండా చేస్తివి కదప్పా! పదకొండేండ్లు!”

“తప్పయిపాయమ్మా.”

“ఆడబిడ్డ, లెక్క తప్పింటుందని ఊరంతా అనిరి. ఆ మాట పుట్టించిందీ నువ్వేనా?”

“నేనే.”

బయట పిల్లల గొంతులు వినిపించాయి, చెప్పులు విడుస్తున్నారు.

“నా ఒక్కదానికి చెప్పుకోని తేలిగ్గా పోదామనుకుంటాండావా? కుదరదు. వాళ్ళకి చెప్పు.” సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, వెనక బెంచీలో తలుపు పక్కన, ఆయన మొదటి రోజు కూర్చున్న చోట పోయి కూర్చుంది.

చెంగల్రాయుడు జీవితంలో బోర్డు మీద రాసింది లేదు. మొదటి అంకె వంకరగా వచ్చింది, చెరిపి మళ్ళీ రాశాడు. మోటరు పేరు, పక్కన పుస్తకంలో లెక్క, దాని పక్కన నిజం లెక్క. ముప్పై ఒక్క రకాలు. బోర్డు నిండిపోయింది. అరుణ్ కుమారే అడిగాడు మళ్ళీ.

“నాలుగు యాల తగ్గించినారన్నా?”

ప్రతాప్ సంగతి చెప్పొచ్చు. ఓబులేసు వీపు సంగతి చెప్పొచ్చు. రెండూ నాలుక దాకా వచ్చాయి. “మీ మాదిరి పిల్లోళ్ళకి రాకూడదని” అన్నాడు. “దాన్ని నమ్మి ఒక బిడ్డ సుట్టింది. మోటర్లు కాలిపాయ. లెక్క తప్పింది ఆ బిడ్డ కాదు, నేను.”

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోవడంలోనే అందరికీ అర్థమైపోయిందని తెలుస్తోంది. తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు తీసి బోర్డుకు ఫోటోలు తీసుకున్నారు. ముప్పై మూడేళ్ళ ఆస్తి రెండు నిమిషాల్లో ఇరవై రెండు జేబుల్లోకి పోయింది. ఆయన మనసు తేలికపడిందని రాయను, అది అబద్ధం. కాళ్ళు మాత్రం బరువుగా నేలకు ఆనుకుని నిలబడ్డాయి.

భోజనాల దగ్గర ఆయన పక్క బల్లకు వస్తే నవనీత లేచి వెళ్ళిపోయింది. ఆయన సగం అన్నం వదిలేసి ఆవరణలో తిరిగాడు. ఆమె క్షమిస్తుందా అని మొదట ఆలోచించాడు. తర్వాత ఆ ఆలోచన కూడా తన సుఖం కోసమే అని తట్టి మానేశాడు. ఇంటికి పొమ్మంటే పోవాలి. అనకపోతే కూర్చోవాలి. అంతకు మించి అడగడానికి ఆయనకు హక్కు లేదు.

మధ్యాహ్నం మళ్ళీ కాయిలు చుట్టే పని. పిల్లలు మిషను చుట్టూ మూగారు. నవనీత బోర్డు వైపు ఒకసారి చూసి, కూర్చొని, పిడి పట్టుకుంది. పైకి లెక్కపెడుతూ తిప్పింది. నలభై నాలుగు, నలభై అయిదు, నలభై ఆరు. ఆగింది. అలవాటు కొద్దీ చెయ్యి వెదురుపుల్ల మీదికి పోయింది. చెంగల్రాయుడు వెనక వరసలోంచి చూస్తున్నాడు. పుల్ల రెండు వేళ్ళ మధ్య కొంతసేపు అలాగే ఉంది. ఆమె దాన్ని పక్కన పెట్టేసి, టేపు తీసుకుని, కాయిలుకు ముడి వేసింది. లెక్కపెట్టింది ఒక్కసారే.

చెంగల్రాయుడికి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. దాచుకోవాలని టవలు వెతుక్కున్నాడు. అది సంచిలో ఉండిపోయింది.

నవనీత ఆ కాయిలు అరుణ్ కుమార్ చేతికిచ్చి లేచింది. ఆయన దగ్గరికి వచ్చింది. మొహంలో కోపం అలాగే ఉంది, నీలి అట్ట నోటుపుస్తకం చంకలో ఉంది. తిరిగి ఇవ్వలేదు.

“రేపు కంట్రోలర్ పరీక్ష ఉండాది. తప్పితే సర్టిఫికెట్ ఇయ్యను, ఎవురైనా సరే. సదువుకోని రాండి, మేస్త్రీ.”